చేతికి తెలిసింది నోటికి రావడం లేదు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతానికి చెందిన ఒక డాక్టర్ రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు. వయసు 31. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. ప్రభుత్వ కాలేజీలో ఎంబీబీఎస్ చేసి, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో అనస్థీషియా (మత్తు వైద్యం) డీఎన్‌బీ సీటు, అంటే ఎండీ లాంటి పీజీ కోర్సులో సీటు తెచ్చుకున్నారు. మూడేళ్ల శిక్షణ అయిపోయింది. థీసిస్ ఆమోదం పొందింది. నాలుగు థియరీ పేపర్లూ మొదటిసారే గట్టెక్కాయి. ప్రాక్టికల్ దగ్గర ఆగిపోయారు. 300కి 150 రావాలి, 141 వచ్చాయి.

సెంటర్ వేరే రాష్ట్రంలో పడింది. ఆ రోజు జరిగింది ఆయన మాటల్లోనే చదవండి: "లాంగ్ కేస్ (పూర్తిగా పరీక్షించి వివరంగా చెప్పాల్సిన పేషెంటు) మైట్రల్ స్టెనోసిస్, అంటే గుండెలో ఒక వాల్వు ఇరుకైపోయిన గర్భిణి. హిస్టరీ, ఎగ్జామినేషన్ బాగానే చెప్పాను. తర్వాత ఎగ్జామినర్ 'సిజేరియన్ మధ్యలో హార్ట్ రేట్ ఒక్కసారిగా 160 అయింది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పడం) వచ్చింది, ఏం చేస్తారు?' అని అడిగారు. నేను ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటే ఏమిటి, ఎందుకొస్తుంది అని మొదలుపెట్టాను. ఆయన మధ్యలో ఆపి 'నేనడిగింది అది కాదు' అన్నారు. అంతే, ఒక్క ఇంగ్లీషు ముక్క నోటికి రాలేదు. పక్కనున్న మేడమ్ 'కొంచెం గట్టిగా మాట్లాడండి' అనేసరికి గొంతు పూర్తిగా పోయింది. ఆ తర్వాత మందులు, పరికరాల టేబుళ్ల దగ్గర కూడా తేరుకోలేదు. బాధేమిటంటే, అంతకు ముందు నెలలోనే అలాంటి కేసును కన్సల్టెంట్ వచ్చేదాకా నేనే చూసుకున్నాను."

ఇప్పుడు శిక్షణ పొందిన ఆస్పత్రిలోనే రిజిస్ట్రార్‌గా, అంటే సీనియర్ల కింద డాక్టర్‌గా చేస్తున్నారు, ఎక్కువగా నైట్ డ్యూటీలు. భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్, ఆరో నెల. వచ్చే ప్రాక్టికల్, ఆమె డెలివరీ దాదాపు ఒకేసారి పడేలా ఉన్నాయి. విజయనగరంలో ఒక నర్సింగ్ హోమ్ వాళ్లు "డిగ్రీ సంగతి తర్వాత, ముందు వచ్చి కేసులు చూడండి" అంటూ ఇప్పటి జీతానికి రెట్టింపు ఇస్తామన్నారు. 2018లో తిత్లీ తుపానుకు తండ్రి జీడితోట నేలమట్టమైంది. ఇంటి అప్పులు ఇంకా తీరలేదు. తల్లిదండ్రులకు మాత్రం రిజల్ట్ ఇంకా రాలేదని చెప్పారు. ఆల్‌ప్రజోలం వేసుకుంటే గానీ నిద్ర పట్టడం లేదట. ఉత్తరం చివర్లో, "రాత్రిపూట థియేటర్లో ఒంటరిగా ఉన్నప్పుడు అన్నీ ఆపేస్తే బాగుండు అనిపిస్తోంది" అని రాశారు. ఈసారి వెళ్లాలా, తర్వాతి సెషన్‌కి వెళ్లాలా, విజయనగరం వెళ్లిపోవాలా, తెలుగు మీడియం వాడికి ఈ పరీక్ష అసలు అయ్యే పనేనా అని అడుగుతున్నారు.

సమాధానం:

మీ ఉత్తరంలో పరీక్ష గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి, నిద్ర గురించి రెండే లైన్లు. నేను ఆ రెండు లైన్ల దగ్గరే మొదలుపెడతాను.

"అన్నీ ఆపేస్తే బాగుండు" అన్న మాట మీరు ఏ అర్థంలో రాశారో నాకు తెలియాలి. ఉద్యోగం ఆపేయడమా, ప్రాణం తీసుకోవడమా? రెండోదైతే, ఆ ఆలోచన ఒక్కసారే వచ్చిపోయినా సరే, ఈ ఉత్తరం మిగతాది తర్వాత చదవండి. ముందు మీ ఆవిడకు చెప్పండి, ఈ రోజే సైకియాట్రిస్టును కలవండి. మీ ఆస్పత్రిలో చూపించుకోవడం ఇబ్బందైతే బయట చూపించుకోండి. ఏ అర్ధరాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో మీకు విడమర్చి చెప్పక్కర్లేదు. మన మత్తు డాక్టర్ల ట్రేలో ఉండే మందులు వేరే ఏ డాక్టర్ చేతికీ అంత సులువుగా అందవు. అందుకే మనసు బాగాలేని మత్తు డాక్టర్ని రాత్రంతా ఒంటరిగా వదిలేయకూడదు. మీ హెడ్‌తో మాట్లాడి, కొన్నాళ్ల పాటు ఇంకొకరు తోడుండే డ్యూటీలు వేయమని అడగండి. కారణం అంతా చెప్పాల్సిన పని లేదు, ఆరోగ్యం బాగాలేదంటే చాలు, అది నిజమే కదా.

ఆల్‌ప్రజోలం సంగతీ అంతే. ఇంకెవరైనా ఇలా వేసుకుంటున్నామని మీ దగ్గరికి వస్తే ఏం చెబుతారో అదే మీకూ వర్తిస్తుంది. అది అలవాటైపోయే మందు, పైగా చదివింది నిలవనివ్వదు. రోజూ వేసుకుంటున్నారు కాబట్టి ఒక్కసారిగా మానేయకండి, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోండి. మీరు రాసిన మతిమరుపులో ఎంత పరీక్ష భయమో, ఎంత ఈ మాత్రో, ఎంత వరస నైట్లో ఇప్పుడు మీరు తేల్చుకోలేరు. అది తేలకుండా "నాకు రాదు" అనే తీర్పుకు రావద్దు.

ఇక వైవా, అంటే నోటి పరీక్ష. ఇలాంటి టేబుళ్లకు అవతలి వైపు ఎగ్జామినర్‌గా చాలా ఏళ్లు కూర్చున్న దాన్ని కాబట్టి, మీరు రాసిన ఆ ఒక్క సంభాషణ నాకు చాలా చెప్పింది. మిమ్మల్ని "ఏం చేస్తారు" అని అడిగారు. మీరు "అది ఏమిటి, ఎందుకొస్తుంది" అని జవాబిచ్చారు. ఇది ఇంగ్లీషు లోపం కాదు. తెలుగులో అడిగినా మీరు అక్కడే మొదలుపెట్టి ఉండేవారు, ఎందుకంటే పుస్తకం అదే వరసలో ఉంటుంది: నిర్వచనం, కారణాలు, లక్షణాలు, చివరికి చికిత్స. థియేటర్లో మీ చెయ్యి ఆ వరసలో పనిచెయ్యదు. మానిటర్ అరవగానే ముందు నాడి పట్టుకుంటారు, బీపీ నొక్కుతారు. కన్సల్టెంట్ రాకముందు ఆ రాత్రి చేసిందీ అదే. ఎగ్జామినర్‌కి కావలసింది కూడా అదే. ఈ మనిషిని రాత్రి రెండు గంటలకు ఒక తల్లి పక్కన ఒంటరిగా వదిలితే ఆమె బతుకుతుందా అని ఆయన చూస్తున్నారు.

ఆ జవాబు ఎంత చిన్నదో చూడండి. ముందు నాడి, బీపీ చూస్తాను, ఆక్సిజన్ పెంచుతాను, సహాయానికి పిలుస్తాను. బీపీ పడిపోయి ఉంటే ఆలస్యం చెయ్యకుండా సింక్రనైజ్డ్ కార్డియోవర్షన్ (గుండె లయను సరిచేసే కరెంటు షాక్) ఇస్తాను. బీపీ నిలబడి ఉంటే ఎస్మొలాల్ లాంటి మందుతో రేటు తగ్గిస్తాను. ఎందుకంటే వాల్వు ఇరుకుగా ఉన్నప్పుడు గుండె వేగంగా కొట్టుకుంటే ఎడమ జఠరిక నిండే సమయం చాలదు, రక్తం వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అదే సమయంలో కారణం వెతుకుతాను: నొప్పి ఉందా, రక్తం పోయిందా, పొటాషియం తగ్గిందా, కాన్పు తర్వాత గర్భసంచి బిగియడానికిచ్చే ఆక్సిటోసిన్ ఎవరైనా ఒక్కసారిగా ఇచ్చేశారా. అంతే, ఒక నిమిషం కూడా పట్టదు. ఇంగ్లీషులో చెప్పడానికి "ఐ విల్ ఫస్ట్ చెక్ ద పల్స్ అండ్ బ్లడ్ ప్రెషర్" అనే స్థాయి వాక్యాలు చాలు. ఆ మాత్రం ఇంగ్లీషుతోనే మీరు నాలుగు పేపర్లు రాసి పాసయ్యారు. ఈ చివరి ఆక్సిటోసిన్ మాట గనక మీ అంతట మీరు అని ఉంటే, ఎదురుగా కూర్చున్నవాళ్లు తలెత్తి చూసేవారు. అది కేసులు చూసినవాళ్ల నోటి నుంచే వస్తుంది.

తెలుగు మీడియం గురించి అడిగారు కాబట్టి ఒక మాట. మన హైదరాబాద్‌లోనే ఉస్మానియాలో వైద్యం ఉర్దూలో బోధించిన కాలం ఉంది, ఆ డాక్టర్ల చేతుల మీదుగా ఎన్నో ఆపరేషన్లు జరిగాయి. వైద్యానికి ఫలానా భాషే కావాలని ఏమీ లేదు, పరీక్షకు మాత్రం కావాలి. అందుకని దాన్ని సిగ్గుపడే విషయంగా కాకుండా, చెయ్యాల్సిన పనిగా చూడండి. మీ రోజు ఎలా గడుస్తోందో ఆలోచించండి. చదివేది ఇంగ్లీషులో, నోరు విప్పి మాట్లాడేదంతా తెలుగులో. టెక్నీషియన్‌తో, పేషెంటుతో, సర్జన్‌తో, తోటి పీజీలతో అంతా తెలుగే. మూడేళ్లలో ఒక కేసును మొదటి నుంచి చివరి దాకా ఇంగ్లీషులో బిగ్గరగా ఎన్నిసార్లు చెప్పి ఉంటారు? సెమినార్లో స్లయిడ్లు చూసి చదవడం దీని కిందికి రాదు.

కాబట్టి ఇకమీదట కొత్త పుస్తకం తెరవడం తగ్గించండి. మాట్లాడే పని పెంచండి. మీ ఆస్పత్రిలో తెలుగు రాని సహోద్యోగి ఒకరైనా ఉంటారు, కేరళ నుంచి వచ్చిన సిస్టరో, బెంగాల్ నుంచి వచ్చిన జూనియరో. వాళ్లతో చెయ్యండి, తెలుగు స్నేహితులతో వద్దు. మన వాళ్లయితే రెండో వాక్యానికే తెలుగులోకి జారిపోతాం. ఆ రోజు చేసిన కేసునే తీసుకోండి. మూడు నిమిషాల్లో చెప్పండి, ఫోన్లో రికార్డు చేసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, మిమ్మల్ని మధ్యలో ఆపమని వాళ్లకు ముందే చెప్పండి. "అది కాదు నేనడిగింది" అనమనండి, "గట్టిగా" అనమనండి. మీరు కూలిపోయింది ప్రశ్న దగ్గర కాదు, ఆపిన దగ్గర. ఎగ్జామినర్ మధ్యలో ఆపడం చాలాసార్లు కోపంతో కాదు, టైమ్ అయిపోతోంది, మార్కులు ఇవ్వాల్సిన చోటికి మిమ్మల్ని లాక్కురావడానికి. ఆపినప్పుడు "సారీ సర్" అని ఒక్క ఊపిరి తీసుకుని, ప్రశ్నను మీ నోటితో మళ్లీ ఒకసారి అని, అప్పుడు మొదలుపెట్టడం అలవాటు చేసుకోండి. రికార్డు విన్నప్పుడు మొదట్లో బాధగా ఉంటుంది, అయినా వినండి. ప్రతి జవాబులో మొదటి వాక్యం ఏమిటన్నదే చూసుకోండి.

తెలియనప్పుడు తెలియదని చెప్పడం కూడా సాధన చెయ్యాలి. డోసు గుర్తు లేకపోతే "ప్రోటోకాల్ చూసి ఇస్తాను" అన్నందుకు ఎవరూ ఫెయిల్ చెయ్యరు, నోటికొచ్చిన అంకె చెబితే మాత్రం నమ్మకం పోతుంది. అయితే కొన్ని తప్పనిసరిగా కంఠతా ఉండాలి. లోకల్ అనస్థెటిక్ విషం ఎక్కినప్పుడు 20 శాతం లిపిడ్ (కొవ్వు ద్రావణం) కిలోకు 1.5 మిల్లీలీటర్లు, మాలిగ్నెంట్ హైపర్‌థర్మియాకు (కొన్ని మత్తు మందులకు ఒళ్లు ప్రమాదకరంగా వేడెక్కడానికి) డాంట్రోలిన్ కిలోకు 2.5 మిల్లీగ్రాములు, ఊపిరి ట్యూబు పడనప్పుడు ఏ దశలో ఏం చెయ్యాలి. ఈ చివరిదానికి ఆల్ ఇండియా డిఫికల్ట్ ఎయిర్‌వే అసోసియేషన్ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు మన ఆస్పత్రుల పరిస్థితికి తగ్గట్టు ఉన్నాయి. వాటి బొమ్మను చూడకుండా గీయగలిగేదాకా గీయండి. డాంట్రోలిన్ మన దగ్గర చాలా ఆస్పత్రుల్లో దొరకదు. "మీ దగ్గర లేకపోతే?" అని అడుగుతారు. మందు పేరు చెప్పి ఆగిపోకుండా, మత్తు గ్యాస్ ఆపడం, ఆక్సిజన్ పెంచడం, చల్లబరచడం, మందు ఎక్కడి నుంచి తెప్పిస్తారో చెప్పడం, ఇదంతా మీరు థియేటర్లో నిలబడి చెబుతున్నట్టు చెప్పండి.

ఇప్పుడు మీరడిగిన దారులు. నేను ఫలానా దారి పట్టమని చెప్పను. ప్రతిదానికీ ఏం ఖర్చవుతుందో చెబుతాను.

ఈసారే వెళ్లడంలో పెద్ద లాభం, థియరీ ఇంకా తాజాగా ఉంది, చేతిలో కేసులున్నాయి. నష్టం, డెలివరీ. పరీక్ష తేదీలు, సెంటరు మన చేతిలో ఉండవు. నొప్పులు మొదలైనప్పుడు మీరు ఇంకో రాష్ట్రంలో ఉండొచ్చు. దానికి మీ ఆవిడ ఒప్పుకుంటే, వాళ్ల అమ్మగారో మీ అమ్మగారో ముందే వచ్చి ఉండగలిగితే, ఇది చెయ్యగల పనే. అయితే "నేను చూసుకుంటాలే" అని ఆమె అనడానికీ, ఇద్దరూ కూర్చుని ఆస్పత్రి, డబ్బు, తోడు ఎవరు అని తేల్చుకోవడానికీ చాలా తేడా ఉంది. ఇప్పుడున్నన్ని నైట్లు చేస్తూ మాత్రం ఈసారి వెళ్లకండి. నైట్లు తగ్గితే జీతం కొంత తగ్గుతుంది. ఆ లెక్క కూడా ఆమెతోనే వెయ్యండి.

ఒక సెషన్ వదిలి తర్వాతి దానికి వెళ్లడం ఓటమి కాదు. బిడ్డ పుడుతుంది, మందు తగ్గుతుంది, నోరు తిరుగుతుంది. కానీ ఆ ఆరు నెలలు ఊరికే గడిచిపోతాయి, పసిబిడ్డ ఉన్న ఇంట్లో అయితే మరీనూ. వారానికి ఇన్ని కేసులు బిగ్గరగా చెప్పాలని ఒక మనిషితో ఒప్పందం లేకపోతే ఈ దారి ఎంచుకోకండి. ఇంకో సంగతి, థియరీ పాసైనవారికి ప్రాక్టికల్ అవకాశాలు పరిమితం. మీకు రెండు మిగిలాయని రాశారు. అవి ఏయే సెషన్లలోపు వాడుకోవాలి, దరఖాస్తు చేశాక హాజరు కాకపోతే దాన్నీ ఒక అటెంప్టుగా లెక్కిస్తారా అన్నవి ఈ పరీక్ష పెట్టే సంస్థ ఎన్‌బీఈఎంఎస్ ఆ సెషన్‌కి ఇచ్చే బులెటిన్‌లో అక్షరం అక్షరం చదివి, ఆ తర్వాతే దరఖాస్తు పెట్టండి. సీనియర్లు చెప్పింది విని ఊరుకోకండి, రూల్స్ వాళ్ల కాలంలో ఉన్నట్టే ఉండవు.

విజయనగరం ఆఫర్ గురించి నాకు భయం ఉంది, దాచను. ఇంటికి దగ్గర, రెట్టింపు జీతం, అప్పులు తీరతాయి, ఇవన్నీ నిజమే. కానీ అక్కడ మీరు ఒక్కరే మత్తు డాక్టర్. పిలిస్తే వచ్చే కన్సల్టెంట్ ఉండరు. చేతిలో ఉన్న డిగ్రీ ఎంబీబీఎస్, పేరు పక్కన డీఎన్‌బీ రాసుకోలేరు. వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మీ తప్పు లేకపోయినా ఒక కేసు చెడితే, లాయరు మొదట అడిగేది మీ అర్హత ఏమిటనే. "డిగ్రీ సంగతి తర్వాత" అన్న యజమాని ఆ రోజు మీ పక్కన నిలబడతారని నేను అనుకోను. పైగా అక్కడ రోజూ చేసేది స్పైనల్ (నడుముకిచ్చే మత్తు) మీద స్పైనల్. అరుదైన కేసులు, ఎక్కువ మంది పీజీలు, ప్రశ్నలడిగే సీనియర్లు, పరీక్షకు మిమ్మల్ని పదునుగా ఉంచేవేవీ ఉండవు. అలా వెళ్లిన చాలామంది "వచ్చే సెషన్" అనుకుంటూనే ఉండిపోతారు. అక్కడ క్వాలిఫైడ్ అనస్థెటిస్టు ఇప్పటికే ఉండి, ఆయన కింద పనిచేసే ఏర్పాటు రాతపూర్వకంగా ఇస్తే అది వేరే సంగతి, అప్పుడు ఆలోచించొచ్చు. లేదంటే "పాసయ్యాక వస్తాను, అప్పటిదాకా ఆగగలరా" అని అడిగి చూడండి. మత్తు డాక్టర్ దొరకని ఊళ్లు ఇంకా చాలా ఉన్నాయి, ఆ ఉద్యోగం పోయినా ఇంకొకటి దొరుకుతుంది.

అనస్థీషియానే వదిలేయాలని కూడా ఒకచోట సగం వాక్యం రాసి కొట్టేశారు. వదిలేసే హక్కు మీకుంది. అయితే నిద్ర కుదుటపడి, మాత్ర తగ్గి, మామూలు మనిషయ్యాక కూడా అదే అనిపిస్తే అప్పుడు ఆలోచించండి. ఇప్పుడు ఆ ప్రశ్న వేసుకోకండి.

మీ నాన్నగారి సంగతి. రిజల్ట్ రాలేదని మీరు చెప్పినప్పటి నుంచి ఆయన ఫోన్ వస్తే భయపడుతున్నానని రాశారు. ఆ భయం కూడా మీ చదువు సమయాన్ని తినేస్తోంది. తిత్లీకి పడిపోయిన తోటలో మళ్లీ మొక్కలు నాటిన మనిషి ఆయన. జీడి మొక్క నాటిన ఏడే కాపు కాయదని మీకన్నా ఆయనకే బాగా తెలుసు. ఫోన్లో కాకుండా వీలైతే ఊరు వెళ్లి చెప్పండి. "థియరీ అంతా అయింది నాన్నా, నోటి పరీక్షలో 9 మార్కులు తగ్గాయి, మళ్లీ వెళ్తున్నాను, ఇంకా రెండు అవకాశాలున్నాయి" అంటే చాలు. ఊళ్లో వాళ్లకు ఏం చెప్పాలో ఆయన్నే తేల్చుకోనివ్వండి. అమ్మకు నాన్న చెబుతారులే అని వదిలేయకుండా ఇద్దరినీ కూర్చోబెట్టుకుని చెప్పండి.

పరీక్ష రోజు చెయ్యి వణకకుండా ప్రొప్రనలాల్ వేసుకోమని మీ బ్యాచ్‌మేట్ అన్నారట. కొందరికి పనిచేస్తుంది. ఆస్తమా ఉంటే వద్దే వద్దు. లేకపోయినా మిమ్మల్ని చూసే డాక్టర్ని అడిగి, ముందు ఒక మాక్ వైవా రోజు వేసుకుని చూడండి, మొదటిసారి పరీక్ష ఉదయం మాత్రం వద్దు. సెంటరున్న ఊరికి ఒక రోజు ముందే చేరుకోండి. లాంగ్ కేస్ పేషెంటు తెలుగు మాట్లాడకపోవచ్చు, హిస్టరీకి సహాయం కావాలంటే అక్కడి స్టాఫ్‌ని మొదటే అడగండి, అడిగితే తప్పు పట్టరు. ఇంకా మీ రికార్డింగుల్లో రెండు మూడు నాకు పంపితే విని, మొదటి వాక్యాలు ఎలా ఉన్నాయో రాస్తాను.